పాత బండి టైర్లు: మిరుగం రాకముందే చూసుకోవలసినవి

మృగశిర కార్తె తొలి జల్లు పడిన సాయంత్రం, పరకాల వైపు వెళ్లే దారి మలుపులో ఒక యువకుడి బండి ముందు చక్రం జారి, అతని కాలు విరిగింది. అది నెల క్రితమే కొన్న సెకండ్ హ్యాండ్ బండి. వేగం కూడా ఎక్కువేమీ లేదని వెనుక వచ్చినవారు చెప్పారు. తర్వాత ఆ టైరును చూసినవారందరూ "గ్రిప్పు బాగానే ఉంది కదా" అన్నారు. గ్రిప్పు, అంటే టైరు మీది గాట్ల లోతు, నిజంగానే బాగుంది, కానీ టైరు 2016 నాటిది.

హెల్మెట్, బ్రేకుల సంగతి అందరికీ తెలిసినదే కనుక వదిలేస్తున్నాను. పాత బండి కొన్నవారిని ముంచేది ఒకటే పొరపాటు: గ్రిప్పు చూసి టైరు బాగుందనుకోవడం.

ముందుగా తేదీ చూడాలి. టైరు పక్కభాగంలో డీఓటీ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారాన్ని, తర్వాతి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. 3216 అని ఉంటే అది 2016 ఆగస్టులో తయారైన టైరు. ఒక వైపు కనబడకపోతే రెండో వైపు వెతకాలి. ఐదేళ్లు దాటిన టైరును ఏటా పరీక్ష చేయించాలని, పదేళ్లు నిండితే గ్రిప్పు ఎంత మిగిలినా తీసేయాలని పేరున్న కంపెనీలు చెబుతాయి. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే వరంగల్ ఎండలో పదేళ్ల దాకా ఆగడం నాకు సమ్మతం కాదు. ఆరేడేళ్లకే మార్చడం మేలు.

గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, పైనుంచి ఎండ కలిసి రబ్బరును ఏళ్ల తరబడి గట్టిపరుస్తాయి. దీన్ని అడ్డుకోవడానికి తయారీలో కలిపిన మైనం, టైరు తిరుగుతూ నలిగినప్పుడు ఎక్కువగా పైకి వచ్చి పొరలా కాపాడుతుంది కాబట్టి, నిలబెట్టి ఉంచిన బండికి ఆ రక్షణ సరిగా అందదు. "హన్మకొండలో ఒక సారు వాడిన బండి, అసలు తిరగలేదు" అని అమ్మేవారు గొప్పగా చెప్పే బండి దగ్గరే మరింత అనుమానపడాలి. గట్టిపడిన రబ్బరు రోడ్డు గరుకులోకి దిగి పట్టుకోలేదు. పొడి రోడ్డుపై ఆ లోపం తెలియదు; ఎండాకాలమంతా పేరుకున్న దుమ్ము, లారీల నూనె తొలి జల్లుకు జిగటగా మారినప్పుడు బయటపడుతుంది.

బేరానికి పెట్టిన బండి టైర్లు నల్లగా మెరుస్తుంటే పాలిష్ కొట్టి ఉండవచ్చు. సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి, సెంటర్ స్టాండు వేసి, చక్రాన్ని మెల్లగా తిప్పుతూ గాట్ల అడుగునా, రిమ్ముకు ఆనిన అంచు వెంటా సన్నని బీటలున్నాయేమో చూడాలి. బొటనవేలి గోటితో గట్టిగా నొక్కినప్పుడు చెక్కను నొక్కినట్టే ఉంటే ఆ రబ్బరు పని అయిపోయినట్టే.

వెనుక టైరు త్వరగా అరుగుతుంది కనుక దాన్ని మాత్రమే మార్చి, గ్రిప్పు ఉందని ముందుదాన్ని అలాగే ఉంచేస్తారు. మళ్లీ అదే పొరపాటు. వెనుక చక్రం జారితే కొంతవరకు సర్దుకోవచ్చు, ముందుది జారితే ఆ వ్యవధి దొరకదు.

టైరుపై ఎక్కడైనా ఉబ్బు ఉంటే లోపలి దారాలు తెగాయని అర్థం. ఆ బండిని నడపవద్దు. గాట్ల అడుగున చిన్న దిమ్మెల్లా ఉండే అరుగుదల గుర్తులకు గ్రిప్పు సమానమైతే తేదీ కూడా చూడనక్కరలేదు, మార్చేయండి. అరిగిన టైరుకు కొత్తగా గాట్లు కోయించవద్దు. కొత్త టైరులో పాత ట్యూబు వేయించవద్దు. సాగిన ట్యూబు లోపల ముడతపడి అక్కడే తెగుతుంది, అప్పుడు గాలి ఒక్కసారిగా పోతుంది. ట్యూబ్‌లెస్ అయితే వాల్వు కూడా మార్పించండి. సైజు పెంచవద్దు. టైరుపై బాణం గుర్తు చక్రం తిరిగే దిశలోనే ఉందని దుకాణం వదలకముందే చూసుకోండి. కొత్త టైరు అని ఇచ్చినా ఆ నాలుగు అంకెలు చదవండి. మొదటి 150 కిలోమీటర్లు మలుపుల్లో బండిని ఎక్కువ వాల్చవద్దు. యాసంగి వడ్లు ఆరబోసిన రోడ్డుపై కొత్త టైరును కూడా నమ్మవద్దు. మెకానిక్ చెప్పినా, బావమరిది చెప్పినా, గ్రిప్పు చూసి ఒప్పుకోవద్దు, తేదీ చూడండి. తేదీ పాతదైతే రెండు టైర్లు, రెండు ట్యూబుల ఖర్చు బేరంలో తగ్గించమని అడగండి. తగ్గించనంటే ఆ బండి కొనవద్దు.