కారం పొడి పంపే ముందు ఆ దేశాన్ని ఎలా చదవాలి

హైదరాబాద్‌లో కారం పట్టించి జర్మనీకో దుబాయ్‌కో పంపాలనుకుంటే, కొనేవాళ్లకంటే ముందు హెచ్‌ఎస్ కోడ్ (ప్రతి సరుకుకూ ఉండే అంతర్జాతీయ అంకెల గుర్తు) పట్టుకోండి. పొడి చేసిన మిరపకు అది 0904 22. మొదటి ఆరంకెలు అన్ని దేశాల్లోనూ ఒకటే. దాంతో ఐటీసీ ట్రేడ్ మ్యాప్‌లో (దేశాల ఎగుమతి, దిగుమతి లెక్కలు చూపే వెబ్‌సైట్) ఐదేళ్ల దిగుమతులు చూడండి. విలువతోపాటు టన్నులూ చూడాలి. ధర పెరిగినా విలువ పెరిగినట్టే కనిపిస్తుంది.

ఆ తర్వాత చట్టం. సరుకు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఐరోపా సమాఖ్యలో మిరపకు అఫ్లటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లటాక్సిన్లు 10 దాటకూడదు. కాయ సరిగా ఆరకపోతే బూజు పట్టి ఈ విషం పుడుతుంది, పొడి చేశాక తీసేయలేం. పైగా అది బస్తా అంతా సమానంగా ఉండదు. పైన గుప్పెడు తీసి పరీక్షిస్తే రిపోర్టు బాగానే వస్తుంది, రేవులో మాత్రం కంటైనర్ ఆగిపోతుంది. కాబట్టి చాలా బస్తాల్లో పైనుంచి, మధ్యలోంచి, అడుగునుంచి తీసి కలిపిన నమూనాను పట్టించకముందే ల్యాబ్‌కు పంపండి. ఎరుపు కోసం కారంలో కలిపే సూడాన్ రంగులు ఐరోపా సమాఖ్యలో పూర్తిగా నిషేధం.

డబ్బు సంగతి. దిర్హాం డాలర్‌కు 3.6725 దగ్గర కట్టేసి ఉంది, కాబట్టి దుబాయ్ బేరంలో రూపాయి-డాలర్ రేటు చూసుకుంటే చాలు. యూరో అలా కాదు. చెల్లింపు 90 రోజులకైతే, రేటు 5 శాతం పడినా లాభం మిగులుతుందో లేదో ముందే లెక్కేయండి. కొనేవాళ్లు ఎగ్గొడితే ఎలాగన్నదానికి ఈసీజీసీ (ఎగుమతిదారులకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) బీమా ఉంది.

యూఏఈతో మన వాణిజ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లో ఉంది. సుంకం రాయితీ కావాలంటే మూల ధ్రువపత్రం (సరుకు ఏ దేశానిదో చెప్పే పత్రం) సరుకుతోపాటు వెళ్లాలి.