అప్పగింత ఒప్పందాన్ని చదవడం – మూడవ పాఠం: బాధ్యత ఎవరిది, ఎంతకాలం?

సంతకం తేదీని, అమలు తేదీని వేరుచేసి చూడడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఒక్కొక్క అధికరణం ఎవరి మీద ఏ బాధ్యత మోపుతుందో, ఆ బాధ్యత ఎప్పుడు తీరుతుందో ఇప్పుడు చూద్దాం. ఉదాహరణగా 1956 మే 28న భారత్, ఫ్రాన్స్ న్యూఢిల్లీలో సంతకం చేసిన, భారత్‌లోని ఫ్రెంచి స్థావరాలను భారత్‌కు అప్పగించే ఒప్పందాన్ని తీసుకుంటున్నాను. పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతోపాటు గోదావరి తీరాన ఉన్న మన యానాం కూడా దీని పరిధిలోనిదే.

1954 అక్టోబరు 18న పుదుచ్చేరి ప్రాంతంలోని కీళూరులో సమావేశమైన 178 మంది ప్రజాప్రతినిధులలో 170 మంది భారత్‌లో విలీనానికి ఓటు వేయగా, నవంబరు 1న పాలన భారత్ చేతికి వచ్చింది. ఒప్పందం మాత్రం ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం ఆలస్యం కావడంతో 1962 ఆగస్టు 16న గాని అమలులోకి రాలేదు. ఆ మధ్యకాలంలో పుదుచ్చేరి భారత భూభాగమేనా అని సుప్రీంకోర్టు ఒక కేసులో కేంద్రాన్ని అడిగినప్పుడు, కాదనే సమాధానం వచ్చింది. పాలించే చెయ్యి, సార్వభౌమాధికారం ఉన్న చెయ్యి వేరువేరుగా ఉండవచ్చునని దీనివల్ల తెలుస్తుంది.

ఇక అధికరణాలకు వద్దాం. ఇచ్చే ప్రభుత్వం కంటే పుచ్చుకునే ప్రభుత్వానికే ఇక్కడ ఎక్కువ బరువు పడింది. 1954 నవంబరు 1కి ముందున్న ప్రత్యేక పాలనా ప్రతిపత్తి ఈ ప్రాంతాలకు కొనసాగుతుందనీ, ఆపై అందులో రాజ్యాంగపరమైన మార్పులు చేయాలంటే ప్రజాభిప్రాయం తెలుసుకోవాలనీ 2వ అధికరణం చెబుతుంది. దీనికి గడువు లేదు. అభిప్రాయాన్ని ఎలా తెలుసుకోవాలో, ఓటు ద్వారానా, శాసనసభ తీర్మానం ద్వారానా అన్నదీ చెప్పలేదు. నా దృష్టిలో ఒప్పందంలోకెల్లా వదులుగా బిగించిన ముడి ఇదే. 1979లో ఈ ప్రాంతాలను పొరుగు రాష్ట్రాలలో కలపాలన్న ప్రతిపాదన రాగానే పుదుచ్చేరిలో తీవ్రమైన ఆందోళనలు చెలరేగాయి.

28వ అధికరణం తీరు వేరు. ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధులు మరోలా నిర్ణయించేదాకా ఫ్రెంచి అధికార భాషగా ఉంటుంది. బాధ్యత ఎవరి నిర్ణయంతో ముగుస్తుందో ఆ వాక్యంలోనే ఉంది కనుక, ఏ అధికరణం చదివినా ముందుగా ఇలాంటి షరతు కోసం వెతకండి.

జాతీయతను కూడా ఇదే పద్ధతిలో చదవాలి. ఈ ప్రాంతాలలో పుట్టి, అమలు తేదీనాటికి అక్కడే నివాసముంటున్న ఫ్రెంచి జాతీయులు భారత పౌరులవుతారు. అయితే అమలు తేదీ నుంచి ఆరు నెలల లోపు రాతపూర్వక ప్రకటన ఇచ్చి ఫ్రెంచి జాతీయతను నిలుపుకోవచ్చు. ఈ ప్రాంతాలలో పుట్టినా, అమలు తేదీనాటికి భారత్‌లోగాని, ఈ ప్రాంతాలలోగాని కాక వేరే దేశంలో నివాసముంటున్నవారు ఫ్రెంచి జాతీయులుగానే ఉంటారు. వారు భారత పౌరసత్వం కోరుకోవచ్చు.

అభ్యాసం: యానాంలో పుట్టిన ఇద్దరు ఫ్రెంచి జాతీయులైన అన్నదమ్ములలో అన్న అక్కడే ఉండి 1963 జనవరిలో ప్రకటన ఇచ్చాడు, తమ్ముడు 1962 ఆగస్టు నాటికి సైగాన్‌లో స్థిరపడి, ఏ ప్రకటనా ఇవ్వలేదు. ఎవరి జాతీయత ఏమిటో, ఏ తేదీ ఆధారంగా తేల్చారో రాసిపెట్టుకోండి. తదుపరి పాఠంలో 3వ అధికరణం ప్రకారం ఫ్రెంచి పాలన నాటి హక్కులూ బాధ్యతలూ భారత్‌కు ఎలా సంక్రమించాయో పరిశీలిద్దాం.