1920 మద్రాసు శాసనమండలి ఎన్నికల ఫలితాలను సరిగా పట్టిక వేసుకోవడం ఎలా

1920 నవంబరులో మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన ఎన్నికల గురించి వెతికితే మొదట తగిలేది ‘జస్టిస్ పార్టీకి (బ్రాహ్మణేతరుల పక్షాన నిలిచిన పార్టీ) 81 సీట్లు’ అన్న మాట. ఎన్నింటికి 81 అన్నది చూసుకోకుండా పట్టిక మొదలుపెడితే ఆ తర్వాత ఏ వరుసా కుదరదు. ముందు మొత్తాన్ని విడగొట్టుకోవాలి.

మండలిలో 127 మంది. వారిలో ఎన్నికైనవారు 98, నామినేట్ అయినవారు 29. గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యులు వీరికి అదనం కాబట్టి కొన్ని పుస్తకాల్లో మొత్తం 127 దాటి కనిపిస్తుంది. జస్టిస్ పార్టీ ఎన్నికల్లో గెలిచింది 98కి 63. మిగతా 18 మంది నామినేటెడ్ సభ్యుల్లోంచి వచ్చి చేరినవారు. అప్పటి ఈ ‘మండలి’ ఇప్పటిలా ఎగువ సభ కాదు, ఉన్నది ఆ ఒక్క సభే.

ఇప్పుడు 98 సీట్లను రకాలవారీగా రాయండి:

సాధారణ (మహమ్మదీయేతర) 65
మహమ్మదీయ 13
భారతీయ క్రైస్తవ 5
యూరోపియన్ 1
ఆంగ్లో ఇండియన్ 1
జమీందారులు, భూస్వాములు 6
విశ్వవిద్యాలయం 1
తోటల యజమానులు, వర్తక సంఘాలు 6

కూడితే 98 రావాలి. రాకపోతే ప్రత్యేక నియోజకవర్గం ఏదో సాధారణ వరుసలో పడిందని అర్థం. ఎక్కువగా తప్పిపోయేవి జమీందారీ సీట్లే. జిల్లా పేరు చూసి వాటిని ఆ జిల్లా సాధారణ సీట్లలో కలిపేస్తుంటారు.

ఆ 65లో 28 సీట్లు బ్రాహ్మణేతరులకు రిజర్వు. 1920 మార్చిలో మధ్యవర్తిగా లార్డ్ మెస్టన్ ఇచ్చిన తీర్పు ఇది. ఇప్పటి రిజర్వుడు స్థానంలా నియోజకవర్గం మొత్తాన్ని కేటాయించలేదు. ఒకరికంటే ఎక్కువమంది సభ్యులున్న నియోజకవర్గాల్లో ఇన్ని సీట్లు బ్రాహ్మణేతరులకు దక్కాలని నియమం పెట్టారు. పైనున్న వారిలో ఆ లెక్క తేలకపోతే, కింద ఉన్న బ్రాహ్మణేతర అభ్యర్థి తనకంటే ఎక్కువ ఓట్లు వచ్చిన వారిని దాటి గెలుస్తారు. కాబట్టి ఓట్ల వరుస వేసి పైవాళ్లకు ‘గెలుపు’ అని గుర్తు పెట్టకండి. గెలిచిన పేర్లను ప్రకటనలో చూసే రాయాలి.

ఇలాంటి నియోజకవర్గాల్లో ఎన్ని సీట్లుంటే ఓటరుకు అన్ని ఓట్లు, ఒక్కో అభ్యర్థికి ఒకటికి మించకుండా. అభ్యర్థుల ఓట్లన్నీ కూడి ‘ఇంతమంది ఓటేశారు’ అంటే పోలింగు రెట్టింపు, మూడింతలు అయి కూర్చుంటుంది. పోలైన ఓట్లకూ ఓటేసిన మనుషులకూ వేరువేరు గడులు పెట్టుకోండి.

పోలింగు శాతం దగ్గర ఇంకో చిక్కు. తరచూ కనిపించే అంకెలు: ఓటర్లు 12,48,156, ఓటేసినవారు 3,03,558, శాతం 24.9. కానీ భాగించి చూడండి, 24.3 వస్తుంది. ఇలాంటి తేడా వచ్చినప్పుడు మొదట అనుమానించాల్సింది ఏకగ్రీవాలను. పోటీయే లేనిచోట పోలింగు ఉండదు కనుక అక్కడి ఓటర్లను మొత్తంలోంచి తీసేసి లెక్కించారా లేదా అన్నది చూడాలి. మీ పట్టికలో రెండు శాతాలూ ఉండనివ్వండి, దేన్ని దేనితో భాగించారో పక్కన రాయండి. పోలింగు తగ్గడానికి కారణం రాసేటప్పుడు 1920 సెప్టెంబరు కలకత్తా ప్రత్యేక సమావేశంలో కాంగ్రెస్ చేసిన బహిష్కరణ నిర్ణయాన్ని వదలకూడదు. ఆ ఎన్నికలో ఆడవాళ్లకు ఓటు లేదు. ఓటు హక్కు ఆస్తి, పన్ను మీద ఆధారపడింది. నాలుగు కోట్ల పైచిలుకు జనాభాలో ఓటర్లు మూడు శాతం మాత్రమే. జనం జస్టిస్ పార్టీని కోరుకున్నారని గానీ, కాదన్నారని గానీ ఈ అంకెలతో తేల్చలేం.

తెలుగు జిల్లాలు విడిగా తీయాలనుకుంటే ఇవాళ్టి పటం పక్కన పెట్టండి. గంజాం, విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, కడప, కర్నూలు, బళ్లారి, అనంతపురం, చిత్తూరు: ఇవీ అప్పటి జిల్లాలు. ఏలూరు, భీమవరం, నరసాపురం 1925 దాకా కృష్ణా జిల్లాలోనే ఉన్నాయి. వాటిని గోదావరి కింద వెతికితే దొరకవు. శ్రీకాకుళం ‘చికాకోల్’ పేరుతో గంజాంలో ఉంటుంది. గంజాంలో ఒడియా ప్రాంతాలూ కలిసే ఉన్నాయి కాబట్టి ఆ జిల్లాను మొత్తంగా తెలుగు లెక్కలో వేయకండి, బళ్లారిలో కన్నడ ప్రాంతాల సంగతీ అంతే. హైదరాబాదు సంస్థానం నిజాం పాలనలోది, ఈ ఎన్నికతో దానికి సంబంధం లేదు.

అంకెలకు ఫోర్ట్ సెంట్ జార్జ్ గెజెట్ (మద్రాసు ప్రభుత్వ అధికారిక ప్రకటనల పత్రిక) మూలం. అందులో అభ్యర్థి పక్కన పార్టీ పేరు ఆశించకండి. పార్టీ గడిని వేరే ఆధారంతో, వేరే రంగులో నింపడం మంచిది. 63 అన్న అంకె కూడా అలా తేల్చుకున్నదే అని గుర్తుంచుకుంటే చాలు, ఎవరో 65 అన్నారని గాభరా పడనక్కర్లేదు.

పేర్ల దగ్గర ఒకే మనిషి రెండుసార్లు ఎక్కే ప్రమాదం ఉంది. పానగంటి రామారాయణింగారు, పానగల్ రాజా ఒక్కరే. మొదటి మంత్రివర్గంలో ఆయన, కూర్మా వెంకటరెడ్డి నాయుడు మంత్రులు, ఎ. సుబ్బరాయలు రెడ్డియార్ ప్రధానమంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి). రెడ్డియార్ 1921 జూలైలో తప్పుకున్నాక రామారాయణింగారు ఆ స్థానంలోకి వచ్చారు. మధ్యలో ఉప ఎన్నికల్లో వచ్చినవారిని 1920 పట్టికలో చేర్చకండి. వాళ్లకు తేదీతో విడి పట్టిక వేయండి.

పోల్చడానికి 1923, 1926 ఎన్నికలు పనికొస్తాయి. అప్పుడూ ఎన్నికయ్యే సీట్లు 98. 1937ను మాత్రం 1920తో పోల్చి శాతాలు తీయకండి. అప్పటికి 215 సీట్ల శాసనసభ వచ్చింది, ఓటు హక్కు చాలామందికి విస్తరించింది, కాంగ్రెస్ గెలిచిన 159ని 1920 నాటి 63 పక్కన నిలబెట్టే కొలమానం లేదు.