ఇంటి ముందు ఎర్ర గులాబీ మడి – మూడవ పాఠం: మొక్క ఎంపిక, నాటడం, కత్తిరింపు

గత పాఠంలో అడుగున్నర లోతు గుంత తవ్వి, నీటితో నింపి, అది ఎంతసేపటికి ఇంకిందో రాసుకోమని చెప్పాను. రెండు మూడు గంటల్లో నీరు ఇంకిపోయిన వారిది చెల్క నేల, అంటే ఇసుక పాలు ఎక్కువగా ఉన్న ఎర్రనేల. మరునాటి ఉదయానికి కూడా నిలిచి ఉంటే అది నల్లరేగడి, లేదా ఇల్లు కట్టినప్పుడు మొరం పోసి దిమ్మిస చేసిన నేల. ఈ రెండింటికీ ఈ పాఠంలో వేరువేరు సూచనలు ఉన్నాయి కనుక ఆ కాగితం దగ్గర పెట్టుకుని చదవండి.

పొడవైన కాడకు ఒక్క పెద్ద పువ్వు పూసే గులాబీ వేరు, మడి గులాబీ వేరు. మడి గులాబీని ఒక్క పువ్వును చేతిలోకి తీసుకుని కాక, గేటు దగ్గర నిలబడి మడి మొత్తాన్ని చూసి అంచనా వేయాలి: మొక్కలన్నీ ఒకే ఎత్తులో, గుత్తులు గుత్తులుగా, నేల కనబడకుండా పూసి ఉంటే అది మంచి మడి. ఇటువంటి గులాబీలకు పూర్వరూపం డెన్మార్క్‌లో పౌల్సెన్ వారు 1924లో విడుదల చేసిన ‘ఎల్సె పౌల్సెన్’. గుత్తులుగా పూసే పొట్టి పాలియాంథా గులాబీని పెద్దపూల హైబ్రిడ్ టీ గులాబీతో సంకరం చేసి దానిని సాధించారు. ఆ దారిలో వచ్చిన వర్గానికే తరువాత ఫ్లోరిబండ అనే పేరు స్థిరపడింది. ఎరుపు రకాలలో 1963 నాటి డచ్చి రకం ‘యూరోపియానా’, న్యూజిలాండ్‌లో శామ్ మెక్‌గ్రెడీ రూపొందించిన 1977 నాటి ‘ట్రంపెటర్’ పేరున్నవి. మొదటిది చిక్కటి ముదురు ఎరుపు. గుత్తి బరువుకు కొమ్మ వంగిపోవడం దాని బలహీనత. రెండవది కాస్త నారింజ ఛాయ కలిసిన ఎరుపు. రెండు, రెండున్నర అడుగులకు మించకుండా గుబురుగా నిలుస్తుంది. వరంగల్ ఎండకు నా మొగ్గు రెండవ తరహా రంగు వైపే, ఎందుకంటే ముదురు ఎరుపు రేకుల అంచులు ఫిబ్రవరి దాటగానే మాడి నల్లబడతాయి.

అయితే మన నర్సరీలకు మొక్కలు ఎక్కువగా కడియం వైపు నుండి లారీలలో వస్తాయి, వాటికి పేరు చీటీ ఉండటం అరుదు. కాబట్టి పేరు కోసం పట్టుపట్టకుండా మొక్కను చదవడం నేర్చుకోవాలి. ఆకుకూ ఆకుకూ మధ్య కణుపు దగ్గరగా ఉందా, ఒక్క కొమ్మ చివర కనీసం అయిదారు మొగ్గలు ఉన్నాయా, అంటు కట్టిన చోటు నుండి రెండు మూడు కొమ్మలు వేరువేరు దిక్కులకు లేచాయా అన్నవి చూడండి. నిండుగా పూసి ఉన్న మొక్క కంటే, పాత పువ్వు వాడి రాలుతున్న మొక్క మంచి సమాచారం ఇస్తుంది. వాడిన తరువాత ఎరుపు ఊదాగా మారి వికారంగా కొమ్మకే అంటుకుని ఉండే రకం మడికి పనికిరాదు. అన్ని మొక్కలూ ఒకే రకం కావాలి కనుక ఒకే వరుసలో ఉన్న సంచులనుండి, ఒకే రోజున తెచ్చుకోండి.

ఇక కాలం. ఈ విషయంలో నేను చేసిన పొరపాటు చెబితే మీకు ఒక ఏడాది కలిసివస్తుంది. హన్మకొండలో మొదటి మడి వేసినప్పుడు ఒక ఇంగ్లండు తోటపుస్తకాన్ని నమ్మి, అందులో రాసినట్లే ఫిబ్రవరి చివరన మొక్కలన్నింటినీ మోకాలి కిందికి కత్తిరించాను. అక్కడ ఆ కత్తిరింపు తరువాత వచ్చేది వసంతం. ఇక్కడ వచ్చినది నలభై డిగ్రీల ఏప్రిల్. లేత ఇగుళ్లన్నీ మాడిపోయాయి, వానలు పడేనాటికి పదిహేడు మొక్కలలో ఆరు చచ్చిపోయాయి. గులాబీకి మన దగ్గర విశ్రాంతి కాలం చలికాలం కాదు, ఎండాకాలం. వానలు వెనుదిరిగి, రాత్రులు చల్లబడటం మొదలైనప్పుడు దాని సంవత్సరం మొదలవుతుంది. సద్దుల బతుకమ్మను సాగనంపి, దసరా జమ్మి ఇచ్చిపుచ్చుకున్న తరువాత మడి పని అని గుర్తుపెట్టుకుంటే సులువే, కానీ కొన్ని ఏండ్లలో దసరా సెప్టెంబర్ చివరనే వస్తుంది, అప్పటికి వాన పూర్తిగా పోదు. అందువల్ల అక్టోబర్ రెండవ పక్షాన్నే పనికి ఖాయం చేసుకోండి.

మడి నాలుగు అడుగుల వెడల్పు దాటకూడదు, దాటితే నడుమ ఉన్న మొక్క ఎటు నుండీ చేతికి అందదు. పొడవు తొమ్మిది అడుగులు అనుకుందాం. అంచు నుండి 9 అంగుళాలు వదిలి మొదటి వరుస, దానికి 15 అంగుళాల దూరంలో రెండవది, మరో 15 అంగుళాలకు మూడవది తాడు కట్టి గీయండి. ప్రతి వరుసలో మొక్కకూ మొక్కకూ అడుగున్నర ఉంచి, నడిమి వరుసను మాత్రం సగం దూరం జరిపితే, పక్క వరుసలలో ఆరేసి, నడుమ అయిదు, మొత్తం పదిహేడు మొక్కలు పడతాయి. ఏ మొక్కకైనా నాలుగు దిక్కులా దాదాపు సమాన దూరం మిగులుతుంది. ఇంకా దగ్గరగా నాటితే వెంటనే నిండుగా కనిపిస్తుంది, కాని మరుసటి వానాకాలంలో గాలి ఆడక నల్లమచ్చ తెగులుతో ఆకంతా రాలుతుంది.

మొక్కలు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు విడిగా గుంతలు తీయడం వృథా శ్రమ, మడి మొత్తాన్ని అడుగున్నర లోతు తవ్వి తిరగేయండి. చెల్క నేలలో మట్టికి నాలుగో వంతు బాగా మాగిన పశువుల పెంట, మరో నాలుగో వంతు చెరువు మట్టి కలపాలి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రైతులు పూడిక మట్టిని చెల్కలకు తోలుకున్నది ఏ కారణంతోనో అదే కారణం ఇక్కడా వర్తిస్తుంది: అందులోని సన్నటి బంకరేణువులు నీటిని, ఎరువును వేరు దగ్గర పట్టి ఉంచుతాయి. నల్లరేగడి వారు చెరువు మట్టి జోలికి పోకండి. వారు ఇసుక కలిపిన ఎర్రమట్టి, పెంటతో మడిని నేలకు ముప్పావు అడుగు ఎత్తు లేపాలి. ఎవరిదైనా సరే, మొక్కకు 100 గ్రాముల వేపపిండి తప్పనిసరి, మన ఎర్రనేలలో చెదలు పచ్చి పెంటకూ ఎండుగడ్డికీ మొదట వచ్చి, తరువాత వేరు మీద పడతాయి.

నాటే రోజు సాయంత్రం సంచితో సహా మొక్కను అరగంట నీటిలో ఉంచండి. సంచి కోసిన తరువాత లోపల ఇటుకలా బిగిసిన బంకమట్టి కనిపిస్తే, ముద్ద పగలకుండా చుట్టూ పైపొరను మాత్రం వేళ్లతో రాల్చండి. అలా చేయకపోతే వేర్లు ఆ ముద్ద దాటి బయటికి రావు. అంటు ముడి నేలకు రెండు అంగుళాలు పైనే ఉండాలి. ముడి కింద నుండి ఏ చిగురు లేచినా అది వేరుమొక్కది, అంటే అంటు కట్టడానికి అడుగున వాడిన అడవి గులాబీది, దానిని కత్తిరిస్తే మళ్లీ రెండింతలుగా వస్తుంది కనుక మట్టి తీసి, పుట్టిన చోటు నుండి కిందికి లాగి పీకేయాలి. ఒక్కో ఆకు కాడకు ఏడు చిట్టాకులుంటే అడవి చిగురు అన్న మాట నమ్మి మంచి కొమ్మలను పీకేసుకున్న వారిని చూశాను. ఆకుల లెక్క కాక పుట్టిన చోటే గుర్తు.

కొత్తగా నాటిన మొక్కకు ఈ ఏడు గట్టి కత్తిరింపు వద్దు. సన్నటి పుల్లలు తీసేసి, మొదటి నెలన్నర వచ్చిన మొగ్గలను గిల్లేయండి, బాధగానే ఉంటుంది. ఇప్పటికే ఏడాది దాటిన మడి ఉన్నవారు మాత్రం ఈ వారమే కత్తెర పట్టాలి. మొదట ఎండినవి, నడుమకు పెరిగి రాసుకునేవి, పెన్సిల్ కంటే సన్నగా ఉన్నవి తీసేయండి. మిగిలిన మూడు నుండి అయిదు గట్టి కొమ్మలను అడుగు, అడుగుంబావు ఎత్తుకు తగ్గించండి. బయటి వైపు చూస్తున్న కన్నుకు (చిగురు లేచే బుడిపెకు) పావు అంగుళం పైన, కన్ను నుండి అవతలికి వాలుగా కోత ఉండాలి. కోసిన చోట లోపల గోధుమ రంగు కనిపిస్తే తెల్లటి గుజ్జు వచ్చేవరకు కిందికి కోస్తూ పోవాలి, ఎందుకంటే కొమ్మ ఎండు తెగులు అక్కడి నుండే దిగుతుంది. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 10 గ్రాములు, సున్నం 10 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీటిలో ప్లాస్టిక్ పాత్రలో కలిపి కోతలకు పూయండి. నిమ్మ, బత్తాయి తోటల వారు వాడే బోర్డో పేస్టు ఇదే.

కత్తిరించిన 45 నుండి 50 రోజులకు మడి పూస్తుంది. అక్టోబర్ 20న కోస్తే డిసెంబర్ తొలి పక్షంలో, నవంబర్ చివరన కోస్తే సంక్రాంతి ముగ్గుల నాటికి. రెండవ లెక్క ఆకర్షణీయంగానే ఉంటుంది, కాని ఒక నెల చలి పోగొట్టుకున్నట్లే. ప్రతి గుత్తిలో నడిమి మొగ్గ ముందుగా విచ్చి, పక్కవి విచ్చేనాటికి వాడిపోతుంది. దానిని బఠానీ గింజంత ఉన్నప్పుడే గిల్లితే మిగిలినవన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. మడి గులాబీకి ఇంత తేలికగా ఇంత తేడా తెచ్చే పని మరొకటి నాకు తెలియదు.

నీరు ఉదయం పూట మొక్క మొదట్లోనే పోయాలి, ఆకు తడపకూడదు. చెల్క వారు రోజు విడిచి రోజు, నల్లరేగడి వారు వేలు రెండు కణుపులు దించి చూసి, పొడిగా ఉంటేనే. ఆకు పసుపు రంగుకు మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అది నీటి లోపం కాదు, ఇనుము అందకపోవడం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), చిటికెడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి వారం తేడాతో రెండుసార్లు చల్లండి.

అభ్యాసం: మీ మడి పటాన్ని కాగితం మీద గీసి మొక్కలకు 1 నుండి 17 వరకు అంకెలు వేయండి. ప్రతి మొక్క ఎదుట కోసిన తేదీ, వదిలిన కొమ్మల సంఖ్య, మొదటి ఎర్ర ఇగురు కనిపించిన తేదీ రాయండి. మిగతావాటి కంటే పది రోజులు వెనుకబడిన మొక్క ఏదైనా ఉంటే, దాని మొదట్లో మట్టి తీసి అంటు ముడినీ వేర్లనూ చూసి, కనిపించినది రాసి ఉంచుకోండి. మిరప రైతులకు ఎంతో పరిచయమైన తామర పురుగులు గులాబీ మొగ్గలో ఏం చేస్తాయో చెప్పబోయే నాలుగవ పాఠానికి ఆ కాగితంతో పాటు ఒక భూతద్దం కూడా కావాలి.