దంతాల ఫిల్లింగులకు వాడే రెజిన్ల మన్నికను పోల్చే విధానం
రెండు రెజిన్ కాంపోజిట్ల (పంటి రంగులో ఉండే ఫిల్లింగు పదార్థాల) మన్నికను పోల్చేటప్పుడు, ప్రయోగశాలలో కొలిచిన గట్టిదనం కంటే రోగుల నోట్లో ఏళ్ల తరబడి గమనించిన ఫలితాలకే ఎక్కువ విలువ ఇవ్వాలి. పరిశీలనా కాలాలు వేరైతే శాతాలను నేరుగా పోల్చకుండా వార్షిక వైఫల్య రేటుగా (ఏడాది మొదట్లో నిలిచి ఉన్నవాటిలో ఆ ఏడాది ఎంత శాతం పాడయ్యాయో ఆ లెక్కగా) మార్చుకోవాలి. ఉదాహరణకు, 5 ఏళ్ల తర్వాత 90 శాతం ఫిల్లింగులు నిలిచి ఉంటే, ఆ రేటు ఏడాదికి సుమారు 2.1 శాతం అవుతుంది. ఆపై వైఫల్యానికి కారణం చూడాలి: ఫిల్లింగ్ విరగడం పదార్థపు బలహీనతను సూచించవచ్చు గానీ, దాని అంచున మళ్లీ పుచ్చు పట్టడంలో రోగి ఆహారపు అలవాట్లకు, నోటి శుభ్రతకు, ఫిల్లింగును పంటికి అతికించే బాండింగ్ చేసిన తీరుకు (తరచూ మరిచిపోయేది ఇదే) పెద్ద పాత్ర ఉంటుంది. ఒకే రోగి నోట్లో రెండు పదార్థాలనూ వాడిన అధ్యయనంలో ఈ చిక్కు చాలావరకు తగ్గుతుంది. నమిలేటప్పుడు పడే ఒత్తిడి వేరు కాబట్టి దవడ పళ్లను ముందు పళ్లతో కలిపి లెక్కించకూడదు.