గుట్ట మీద సర్వే రాయి – 3వ పాఠం: పైకెక్కాక ఎక్కడ చూడాలి

మనం వెతుకుతున్నది పాతకాలపు సర్వేవాళ్లు దేశాన్ని కొలుస్తూ గుట్టల మీది రాతిలో చెక్కిన గుర్తును. కిందటి పాఠంలో 56కె/7, 56కె/11 టోపోషీట్లు (హైదరాబాద్ చుట్టుపక్కల సర్వే పటాలు) తెరిచి, అలాంటి చోట్లను చూపే, చుక్క ఉన్న చిన్న త్రికోణాలను పెన్సిల్‌తో చుట్టి పెట్టుకోమన్నాను. త్రికోణం లేకుండా ఉత్త చుక్క, పక్కన అంకె మాత్రమే ఉంటే అది ఆ చోటి ఎత్తు, అంతే. దాని కోసం గుట్ట ఎక్కొద్దు.

ఇప్పుడు త్రికోణం ఉన్న గుట్ట పైకి వచ్చారనుకుందాం. చాలామంది అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న గుండు దగ్గరికి పరుగెత్తుతారు. ఒక్క నిమిషం ఆగి, ఇక్కడ కొలిచినవాళ్లకు ఏం కావాలో ఆలోచించండి. 1802లో విలియం లాంబ్టన్ అనే బ్రిటిష్ సైనికాధికారి మద్రాసులో మొదలుపెట్టిన దేశపు కొలత 1815 నాటికి బీదరు దగ్గర బేస్‌లైన్ దాకా వచ్చింది. బేస్‌లైన్ అంటే మిగతా లెక్కకంతా ఆధారమైన గీత. గొలుసుతో నేల మీద కొలిచేది ఆ బేస్‌లైన్లనే. మిగతా దూరాలన్నీ ఒక గుట్ట నుంచి మరో గుట్టను చూసి, కోణాలు తీసి కట్టిన లెక్కలు. లాంబ్టన్ వాడిన పెద్ద థియోడొలైట్, అంటే కోణాలు కొలిచే పరికరం, దాదాపు అర టన్ను బరువు. అలాంటిది మన హైదరాబాద్ గుట్టల మీద ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్ల నెత్తిన నిలవదు. అందుకే ముందు చదునైన పరుపుబండ కోసం చూడండి. దాని మీద నిలబడి చుట్టూ తిరిగితే దూరపు గుట్టలు అడ్డం లేకుండా కనిపించాలి.

గుర్తు చిన్నది. రాతిలో ఉలితో చెక్కిన వలయం, మధ్యలో చుక్క. థియోడొలైట్ కింద దారానికి వేలాడదీసిన తూకపు గుండు మొన సరిగ్గా ఆ చుక్క మీదికి రావాలి. కొన్నిచోట్ల దాని చుట్టూ రాతికట్టుతో అరుగు కూడా కట్టారు. నడిమధ్యాహ్నం వెళ్తే వలయం కళ్లముందున్నా కనపడదు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లండి, ఏటవాలు ఎండకు గాడిలో నీడ పడుతుంది. అనుమానం వచ్చిన చోట బాటిల్‌లోంచి కాసిని నీళ్లు పోసి ఆరనివ్వండి. చుట్టూ బండ తెల్లబడినా గాడి కాసేపు నల్లగానే ఉంటుంది. నాకు అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి ఇదే. సుద్దముక్క, పెయింటు మాత్రం వద్దు.

మోసం చేసేవి మూడున్నాయి. ఒకే వరుసలో ఉన్న నలుపలకల గుంటలైతే రాయి కొట్టేవాళ్లు మేకులు దిగ్గొట్టడానికి చేసుకున్నవి. నున్నటి అంచుతో, ఉలి దెబ్బ లేకుండా ఉన్న గుంట వాననీళ్లకు పడ్డది. పాతిన రాయి అయితే హద్దురాయి కావచ్చు. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోట కూడా రాయి పాతుతారు, దానికీ ఈ కొలతకూ సంబంధం లేదు.

పాత షీటులోని అక్షాంశ రేఖాంశాలను ఫోన్‌లో కొట్టి, అక్కడ ఏమీ లేదని దిగి రావద్దు. అక్షాంశ రేఖాంశాలు కట్టడానికి భూమి ఆకారాన్ని ఒక్కో లెక్క ఒక్కోలా తీసుకుంటుంది. ఆ షీట్లు ఎవరెస్ట్ 1830 అనే లెక్క మీద గీసినవి, ఫోన్ వాడేది డబ్ల్యూజీఎస్-84 అనే మరో లెక్క. ఈ రెంటి మధ్య మన దగ్గర వంద మీటర్లకు పైగా తేడా వస్తుంది. మొదటి లెక్కకు పేరిచ్చిన జార్జ్ ఎవరెస్ట్ 1818లో హైదరాబాద్‌లోనే లాంబ్టన్ దగ్గర చేరాడు. మరుసటి ఏడాది కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరంతో మంచాన పడ్డాడు. ఆ వలయం మీద వేలు పెట్టినప్పుడు ఇది గుర్తుకు రావాలని నా కోరిక.

పైన గుడో దర్గానో ఉంటే ముందు అక్కడివాళ్లను అడగండి. “అన్నా, సర్వేవాళ్ల రాయి ఏమైనా ఉందా ఇక్కడ?” అంటే చాలు. గడ్డపార, పార వెంట తీసుకెళ్లొద్దు. గుప్తనిధుల కోసం వచ్చారనుకుంటారు, అలా అనుకోవడంలో తప్పూ లేదు. అరుగును కదిలించడం, తవ్వడం అసలే వద్దు. పైగుర్తు చెడిపోతే స్థానం పోకూడదని కొన్నిచోట్ల దాని కింద మరో గుర్తు పాతిపెట్టారు.

ఈ వారం అభ్యాసం: మౌలాలి గుట్ట మెట్లెక్కి, దిక్సూచి పట్టుకుని, కనిపించే ప్రతి గుట్ట ఏ డిగ్రీలో ఉందో రాసుకోండి. వచ్చే పాఠంలో ఆ అంకెలను షీటు మీద గీతలుగా గీద్దాం.