పర్లాకిమిడిలో కేబుల్ టీవీ ఆగిపోతే ఏం చూడాలి (ఆపరేటర్‌ని తిట్టే ముందు)

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడిలో టీవీ ఆగిందంటే అందరం చేసే మొదటి పని ఫోన్ తీసి కేబుల్ కుర్రాణ్ణి తిట్టడం, వాడు "కాలి ఆసిబి" (రేపు వస్తా) అంటాడు, ఒడియాలో కాలి అంటే రేపూ అవుతుంది నిన్నా అవుతుంది కాబట్టి వాడు అబద్ధమాడాడని కూడా అనలేం. ఇలా ఐదారేళ్ళు తిట్టీ తిట్టీ విసిగిపోయి కొంచెం కొంచెం నేనే చూసుకోవడం నేర్చుకున్నాను, అది రాస్తున్నాను.

ఏ లక్షణమైనా ముందు పక్కింట్లో "ఏటమ్మా, మీకు వస్తందా" అని అడగండి. వాళ్ళకి వస్తే తప్పు మీ ఇంట్లోనే, వీధంతా పోతే స్తంభం మీద, ఊరంతా పోతే కేబుల్ వాళ్ళ కంట్రోల్ రూమ్‌లో. ఈ ఒక్క ప్రశ్నతో సగం గొడవ తీరిపోతుంది.

నో సిగ్నల్ అని వస్తోంది

ఎవరు అంటున్నారు నో సిగ్నల్ అని? టీవీ అంటోందా, సెట్‌టాప్ బాక్స్ అంటోందా? బాక్స్ రిమోట్‌లో మెనూ నొక్కండి. మెనూ కనపడితే బాక్సూ టీవీ బాగానే ఉన్నాయి, కేబుల్ వైరులో సిగ్నల్ లేదు. మెనూ కూడా రాకపోతే టీవీ సోర్స్ (బొమ్మ ఎక్కడి నుంచి తీసుకోవాలో చెప్పే సెట్టింగ్) మారిపోయి ఉంటుంది, లేదా బాక్స్ నుంచి టీవీకి వెళ్ళే హెచ్‌డీఎంఐ వైరు ఊడింది, లేదా బాక్స్‌కి పవరే లేదు. మా పెద్దమ్మ ఇంట్లో రెండు రోజులు టీవీ రాలేదు, నేను ఆపరేటర్‌తో మాటామాటా అనుకుని ఇక నీ కనెక్షనే వద్దు అనేదాకా వెళ్ళాక తెలిసింది, మనవడు పెన్‌డ్రైవ్‌లో సినిమా చూసి సోర్స్ మార్చి వదిలేశాడు. ఆ రోజు నుంచి ఆ ఆపరేటర్ నన్ను చూస్తే నవ్వుతాడు.

మెనూ వచ్చి ఛానల్ రాకపోతే బాక్స్ వెనక స్క్రూలా తిప్పే కేబుల్ పిన్ను విప్పి చూడండి. మధ్యలో రాగి తీగ నిటారుగా, మెరుస్తూ ఉండాలి. చిలుము పట్టినా, చుట్టూ ఉండే సన్నటి జాలీ తీగ ఒక్క పోగు మధ్య తీగకి తగిలినా సిగ్నల్ ఖతం. ఓ అంగుళం కోసేసి కొత్తగా చెక్కి పిన్ను బిగిస్తే చాలాసార్లు అక్కడితో అయిపోతుంది.

మనకి కరెంటు ఉంది, టీవీ మాత్రం లేదు

ఇది తెలియక చాలా మంది తిట్టుకుంటారు. వీధిలో సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్ ఒకటి ఉంటుంది, దానికీ కరెంటు కావాలి. మా వీధిది పక్క వీధిలో ఒకాయన ఇంటి నుంచి లాగారు. ఆ ఇంట్లో కరెంటు పోతే మనింట్లో ఇన్వర్టర్ ఉన్నా ఏం లాభం, టీవీ రాదు. ఆయన కుటుంబంతో పెళ్ళికి వెళ్తూ మెయిన్ ఆపేసి పోతే మొత్తం వీధి రెండు రోజులు భజన చేసుకుంది. మీ యాంప్లిఫయర్ ఎవరింటి నుంచి నడుస్తోందో కనుక్కుని పెట్టుకోండి, వాళ్ళతో కొంచెం మంచిగా ఉండండి కూడా.

బొమ్మ గడులు గడులుగా పగిలిపోతోంది, మాట తెగుతోంది

అసలు బాధంతా ఇదే. పాత అనలాగ్ రోజుల్లో సిగ్నల్ తగ్గితే చీమలు వచ్చేవి, అయినా వార్తలు వినేవాళ్ళం. డిజిటల్ అలా కాదు, ఒక హద్దు దాకా అద్దంలా వస్తుంది, హద్దు దాటిందా పగిలిపోతుంది. అందుకే నిన్నటి దాకా బాగున్నది ఇవాళ హఠాత్తుగా పాడైనట్టు కనిపిస్తుంది గానీ సిగ్నల్ ఎన్నాళ్ళ నుంచో దిగుతూనే ఉంటుంది.

మొదటి అనుమానితుడు స్ప్లిటర్. ఒక కనెక్షన్ రెండు టీవీలకి చీలిస్తే ఒక్కోదానికి సగం కన్నా తక్కువే వెళ్తుంది, నాలుగు చేస్తే పావు కూడా మిగలదు. స్ప్లిటర్ తీసేసి వైరు నేరుగా బాక్స్‌కి పెట్టి చూడండి, బాగుపడితే దొంగ దొరికినట్టే. రెండోది డాబా మీద టేపు చుట్టిన జాయింట్లు, వానాకాలం నీళ్ళు దిగి లోపల కుళ్ళిపోతాయి. మూడోది మా దగ్గర కోతులు, వాటికి కేబుల్ అంటే ఉయ్యాలే. ఈ మూడూ కాకపోతే ఆపరేటర్‌ని సిగ్నల్ కొలిచే మీటరుతో రమ్మనండి, వట్టి చేతులతో వచ్చి బాక్స్ మీద రెండు దెబ్బలు కొట్టి పోయేవాడి వల్ల పనవదు.

ఇంకో తమాషా, కొన్ని ఛానళ్ళే పగులుతాయి మిగతావి బాగుంటాయి. ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద పది పదిహేను ఛానళ్ళు కలిపి పంపిస్తారు, ఆ ఫ్రీక్వెన్సీ దెబ్బ తింటే ఆ గుంపు మొత్తం పోతుంది. పై ఫ్రీక్వెన్సీలు పొడుగు వైరులో ఎక్కువ నీరసపడతాయి కాబట్టి ముందు అవే పోతాయి. ఏ నంబర్లు పోయాయో కాగితం మీద రాసి చూపించండి, "అన్నీ పాడయ్యాయి" అంటే వాడికేం అర్థం కాదు.

తెలుగు ఛానళ్ళు మాత్రమే పోయాయి

ఇది మన సరిహద్దు వాళ్ళకే వచ్చే రోగం. ఆంధ్రాలోని పాతపట్నం పక్కనే ఉన్నా అక్కడి వాళ్ళకిది తెలీదు. 2019 ఫిబ్రవరి నుంచి ట్రాయ్ (టెలికాం, కేబుల్ టీవీల నియంత్రణ సంస్థ) రూల్ ప్రకారం మనం ఎంచుకున్న పే ఛానళ్ళకే డబ్బు కట్టాలి, అప్పట్లో 100 ఛానళ్ళ దాకా మూల రుసుము 130 రూపాయల లోపే, జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు, పే ఛానళ్ళకి అది కాక వేరే. ఆ 130 పరిమితి కూడా 2024లో తీసేశారు. మా దగ్గర ఆపరేటర్ రీఛార్జ్ చేసేటప్పుడు మామూలుగా ఒడియా ప్యాక్ నొక్కేస్తాడు, తెలుగువి విడిగా కలపాలి, వాడు మర్చిపోతే సాయంత్రం సీరియల్ టైముకి "సబ్‌స్క్రైబ్ చేయలేదు" అని వస్తుంది, అప్పుడు మా అమ్మ మొహం చూడాలి. ఇది సిగ్నల్ లోపం కాదు, వైర్లు పీకకండి. ఏ ప్యాక్ వేశావు, అందులో తెలుగువి ఏవేవి అని అడిగి లిస్టు వాట్సాప్‌లో పెట్టమనండి.

సరిచేశాక కూడా వెంటనే రాకపోతే బాక్స్ ఆపేయకండి. ఛానల్ తెరవమనే ఆర్డరు అదే కేబుల్ లోంచి బాక్స్‌కి వస్తుంది, ఆ సమయానికి ప్లగ్గు తీసేసి ఉంటే ఎలా అందుతుంది? ఆ ఛానల్ మీదే పెట్టి పావుగంట వదిలేయండి, అప్పటికీ రాకపోతే మళ్ళీ పంపమనండి.

పిల్లల ఛానల్ హిందీలో వస్తోందంటే మాత్రం ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు, రిమోట్‌లో ఆడియో బటన్ నొక్కి తెలుగు ఉందేమో చూడండి.

బాక్స్ దానంతటదే ఆగి మళ్ళీ మొదలవుతోంది

ఎక్కువగా అడాప్టరే. బాక్స్ వెనక రాసిన వోల్టేజీకి సరిపోయేది ఇంకోటి పెట్టి చూడండి. బాక్స్ మీద కుట్టుపని గుడ్డ కప్పి దాని మీద దేవుడి బొమ్మ పెట్టేవాళ్ళు అది తీసేయండి, వేడికి చస్తుంది పాపం.

మార్చిలో, మళ్ళీ సెప్టెంబర్ అక్టోబర్‌లో కొన్ని రోజులు పగటి పూట కొద్ది నిమిషాలు ఛానళ్ళు పోతాయి. సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి రావడం వల్ల కంట్రోల్ రూమ్ డిష్‌కే సిగ్నల్ అందదు, అది ఎవరూ బాగుచేయలేరు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు లాగా స్తంభాలే పడిపోతే అసలు అడగనే కూడదు, అప్పుడు కరెంటు వస్తే చాలనుకున్నాం.

ఇవన్నీ చూశాక కూడా తప్పు వాళ్ళదే అని తేలితే అప్పుడు గట్టిగా అడగండి. నోటి మాటగా కాదు, కంపెనీ కస్టమర్ కేర్‌కి చేసి కంప్లైంట్ నంబర్ తీసుకోండి, నంబర్ లేని కంప్లైంట్ ఎవడికీ గుర్తుండదు. తేలకపోతే 1915కి చేయండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. కస్టమర్ కేర్ వాళ్ళు ముందు అడిగేది బాక్స్ కింద ఉండే వీసీ నంబరే (మీ కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబరు), టీవీ వెనక దూరి టార్చి వేసి వెతికే ఓపిక ఉండదు కాబట్టి ఇప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి.